ఒప్పుకోనని ఒప్పుగా చెప్పడం

(పాఠశాల ప్లాటినం జూబిలీ మహోత్సవాలలో భాగంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



75 సంవత్సరాలుగా కన్నడ సీమలో తెలుగు దీపాన్ని ఆరకుండా కాపాడుతూ వచ్చిన బడి పండుగ ఇది. ఇటువంటి సభలో నేను ఒక ఇంగ్లీషు క్రియను గురించి మాట్లాడబోతున్నానంటే కొందరికి వింతగా తోచవచ్చు. తెలుగు గొప్పతనాన్ని గురించి చెప్పేవారు ఈ వేదిక మీద చాలామంది ఉన్నారు. నాకు ఆ అర్హత లేదు. ఈ బడిలో తెలుగులో చదువుకొని, బయటికి వెళ్ళి, ఒక్క ఇంగ్లీషు మాట దగ్గర బోర్లాపడి లేచినవాడిగా మాత్రం నాకు కొంత అనుభవం ఉంది. ఆ అనుభవాన్నే మీ ముందుంచుతాను.

నేను అప్పుడే డిగ్రీ పూర్తిచేసి ఊరికి వచ్చాను. మాది తుంగభద్ర ఎడమ కాలువ కింద ఉన్న ఒక చిన్న క్యాంపు. ఆ సంవత్సరం మా నాన్నగారికీ, మరి నలుగురు రైతులకూ నీటి తీరువా నోటీసులు వచ్చాయి. జొన్న వేసిన చేలను కూడా వరి కింద రాసి లెక్క కట్టారు. అర్జీ పెట్టుకోవాలని పెద్దలు నిశ్చయించారు. కన్నడంలో కచేరీ భాష రాయగల చేయి మాలో లేదు. తెలుగు అక్కడ చెల్లదు. "అబ్బాయి డిగ్రీ చదివాడు కదా, ఇంగ్లీషులో రాయిద్దాం" అన్నారు. "ఈ లెక్కకు మేము ఒప్పుకోము" అనేది వారి మాట. నేను ఎంతో గర్వంగా "వియ్ రిఫ్యూజ్ ది అసెస్‌మెంట్" అని రాశాను.

పది రోజుల తరువాత పిలుపు వచ్చింది. అధికారి ముఖం ఎర్రగా ఉంది. "సర్కారు బాకీ కట్టమని రాసి ఇస్తారా? అంత ధైర్యమా?" అన్నాడాయన. మా నాన్నగారు చేతులు జోడించి, "కట్టమని మేమెక్కడన్నామయ్యా, లెక్క తప్పు అంటున్నాం" అన్నారు. ఆయన కాగితం చూపించాడు. కాగితంలో నేను రాసింది ఉంది, నాన్నగారు చెప్పింది లేదు.

ఆ సాయంత్రమే నేను ఈ బడికి వచ్చాను. మాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు అప్పటికింకా పదవిలోనే ఉన్నారు. ఆయన అర్జీ చదివి, చిన్నగా నవ్వి, ఒక్క మాట కొట్టివేసి దాని మీద "డిస్ప్యూట్" అని రాశారు. కింద ఎవరి చేను, ఎన్ని ఎకరాలు, ఏ పంట అన్నది రెండు వరుసలలో చేర్చారు. తరువాత నాతో అన్నారు: "నాయనా, కట్టనన్నవాడి ఇంటికి జప్తు నోటీసు వస్తుంది. లెక్క తప్పన్నవాడి చేనికి కొలత గొలుసు వస్తుంది. నువ్వు గొలుసును పిలవబోయి జప్తును పిలిచావు."

గొలుసు వచ్చింది, లెక్క సరిచేశారు. నేను మాత్రం ఆనాటినుంచి ఈ మాటల వెంట పడ్డాను. నేను తెలుసుకొన్నదేమిటంటే, తప్పు నా చదువులో కంటె నా అనువాదంలో ఎక్కువ ఉంది. మన తెలుగులో "ఒప్పు" అనే ధాతువు చాలా పెద్ద సంసారం నడుపుతుంది. తప్పొప్పులు అన్నప్పుడు అది సరియైనది. ఒప్పందం అన్నప్పుడు అది కరారు. "తప్పు ఒప్పుకొన్నాడు" అన్నప్పుడు అది నేరాంగీకారం. "పెళ్ళికి ఒప్పుకొన్నాడు" అన్నప్పుడు సమ్మతి. "నీ వాదాన్ని ఒప్పుకోను" అన్నప్పుడు అభిప్రాయ భేదం. మన పొరుగు కన్నడంలోనూ ఒప్పు, ఒప్పిగె, ఒప్పంద అని ఇదే కుటుంబం ఉంది. కాబట్టి ఇక్కడి పిల్లవాడికి ఇంట్లోనూ వీధిలోనూ ఒకే మాటతో పని జరిగిపోతుంది. ఇంగ్లీషులో అడుగుపెట్టగానే ఆ ఒక్క మాటకు అయిదారు వేర్వేరు వాకిళ్ళు ఎదురవుతాయి. ఏ వాకిట్లో ఏ పని జరుగుతుందో తెలియాలి.

చేయమన్న పని చేయననడం "రిఫ్యూజ్". నా మీద మోపిన మాట నిజం కాదనడం "డినై". చూపిన లెక్క, హక్కు, వాస్తవం సరికాదనడం "డిస్ప్యూట్". జరగబోయే పనికి అభ్యంతరం చెప్పడం "అబ్జెక్ట్". ఎదురు నిలవడం "అపోజ్". ఎదుటివారి అభిప్రాయమూ నా అభిప్రాయమూ ఒకటి కాదనడం "డిజగ్రీ". ఈ వరుసలో చివరి మాటే అందరిలోకీ సాధువు. అది ఎవరినీ అబద్ధికుడనదు, ఏ బాకీనీ ఎగవేయదు, ఎవరి దారికీ అడ్డుపడదు. "మీరలా తలుస్తున్నారు, నేనిలా తలుస్తున్నాను" అని మాత్రమే చెబుతుంది. అందుకే పిల్లలకు అన్నిటికంటె ముందు నేర్పవలసినది ఇదే.

ఈ క్రియను వాడేటప్పుడు మన పిల్లలు సాధారణంగా చేసే తప్పులు నాలుగు.

మొదటిది విభక్తి తప్పు. "ఐ డిజగ్రీ యూ" అని రాస్తారు. ఇది అకర్మక క్రియ, నేరుగా కర్మను తీసుకోదు. మధ్యలో "విత్" ఉండాలి. "ఐ డిజగ్రీ విత్ యూ", "ఐ డిజగ్రీ విత్ దిస్ ఒపీనియన్". ఇది మనకు కష్టం కాకూడదు. "మీతో ఏకీభవించను" అన్నప్పుడు మనం వాడే తృతీయా విభక్తి కూడా అదే పని చేస్తున్నది. కాని మన నోటికి "ఆ మాటకు ఒప్పుకోను" అనే షష్ఠి అలవాటు. ఆ "కు"ను పట్టుకొని కొందరు "డిజగ్రీ టు" అంటారు. అది సాధువు కాదు. ఏ విషయంలో భేదమో చెప్పవలసి వస్తే "ఆన్" గాని "అబౌట్" గాని వాడాలి. "ఐ డిజగ్రీ విత్ మై బ్రదర్ అబౌట్ ది ప్రైస్" అంటే ధర విషయంలో మా అన్నతో నాకు అభిప్రాయ భేదం ఉందని అర్థం. మనిషికి ఒక చిన్నమాట, విషయానికి మరొక చిన్నమాట. ఈ వాక్యంలో మనిషి ఒక చోట, తగాదా మరొక చోట కూర్చున్నారు. ఇది వ్యాకరణమే అయినా నాకు నీతిలాగా కూడా వినిపిస్తుంది.

రెండవది, ఈ క్రియచేత చేయించకూడని పని చేయించడం. "అగ్రీ" తరువాత "టు కమ్", "టు పే" అని క్రియను చేర్చవచ్చు. "హి అగ్రీడ్ టు కమ్" అంటే రావడానికి ఒప్పుకొన్నాడు. దానికి ఎదురుగా "హి డిజగ్రీడ్ టు కమ్" అని మనం సులభంగా కట్టేస్తాము. అది తప్పు. రావడానికి ఒప్పుకోలేదు అనాలంటే "హి డిడ్ నాట్ అగ్రీ టు కమ్" అనాలి, లేదా గట్టిగా నిరాకరించినట్లయితే "హి రిఫ్యూజ్డ్ టు కమ్" అనాలి. "డిజగ్రీ" తలలో జరిగే పని. కాళ్ళను ఆపే పని దానిది కాదు.

మూడవది కాలం తప్పు. "ఐ యామ్ డిజగ్రీ" అంటారు కొందరు. అది విశేషణం కాదు గనుక "యామ్" అక్కరలేదు. "ఐ యామ్ డిజగ్రీయింగ్" అంటారు మరికొందరు. మనం "ఒప్పుకోవడం లేదు" అని జరుగుతున్న పనిలాగా చెబుతాము గనుక ఆ రూపం వస్తుంది. ఇంగ్లీషులో అభిప్రాయం జరుగుతున్న పని కాదు, ఉన్న స్థితి. అందుచేత సాధారణంగా "ఐ డిజగ్రీ" అంటే చాలు. మర్యాద కావలసినప్పుడు "ఐ యామ్ అఫ్రైడ్ ఐ డిజగ్రీ" అంటారు. అక్కడ భయమేమీ లేదు. మనం "మన్నించాలి, నా అభిప్రాయం వేరు" అన్నట్లే.

నాలుగవది, దీని చుట్టాలను దీనిలాగే నడిపించడం. "డిస్ప్యూట్", "అపోజ్" అనేవి సకర్మకాలు. వాటికి చిన్నమాట సాయం అక్కరలేదు. "వియ్ డిస్ప్యూట్ ది బిల్", "వియ్ అపోజ్ ది ప్లాన్". "అపోజ్ టు" అనకూడదు. "అబ్జెక్ట్" మాత్రం "టు" లేనిదే నడవదు. మనందరి ఇళ్ళలోనూ "నో అబ్జెక్షన్ సర్టిఫికెట్" అనే కాగితం ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఉంటుంది. అభ్యంతరం లేదని చెప్పే ఆ కాగితాన్ని తలచుకొంటే ఈ మాట జ్ఞాపకముంటుంది. మన జిల్లా కచేరీలలో దీనికి ఎప్పటినుంచో ఒక పేరు ఉంది, తకరారు. తకరారు అర్జీ అంటే అబ్జెక్షన్ పెట్టడమే. ఉర్దూనుంచి కన్నడానికీ మనకూ వచ్చిన మాట అది. అరబ్బీలో దాని మొదటి అర్థం పునరుక్తి, అంటే చెప్పిందే మళ్ళీ చెప్పడం. పోట్లాటలు ఎలా పెరుగుతాయో తెలిసినవారే ఆ అర్థాన్ని మార్చి ఉంటారు!

ఇక "డిఫర్" సంగతి. "మై వ్యూ డిఫర్స్ ఫ్రమ్ యువర్స్" అంటే నా అభిప్రాయం మీదానికి భిన్నం. ఈ మాటను మొదటి అక్షరం మీద ఊనిక ఉంచి పలకాలి. చివరి అక్షరం మీద ఊనిక వేస్తే అది వాయిదా వేయడమనే వేరొక మాటగా వినిపిస్తుంది. రాతలోనూ ఆ తేడా కనిపిస్తుంది. భూతకాలంలో వాయిదా మాటకు చివరి ఆర్ అక్షరం రెట్టిస్తుంది, భేదం మాటకు రెట్టించదు.

ఇప్పుడు తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించవలసిన ఒక ప్రమాదం చెబుతాను. వ్యాకరణం అంతా వచ్చినవాడు కూడా ఇక్కడ జారుతాడు. "మీరు ఒప్పుకోరా?" అని మనల్ని అడిగితే ఏమంటాం? "అవునండీ, ఒప్పుకోను." మనం అడిగినవారి మాటను సమర్థించి "అవును" అంటాము. కన్నడంలో "హౌదు" కూడా ఇలాగే నడుస్తుంది. ఇంగ్లీషులో "డోంట్ యూ అగ్రీ?" అని అడిగితే ఒప్పుకోనివాడు "నో, ఐ డోంట్" అనాలి. ఒప్పుకొనేవాడు "యెస్, ఐ డూ" అనాలి. అక్కడ ప్రశ్నతో నిమిత్తం లేదు. మన జవాబులో కాదనడం ఉంటే "నో", లేకపోతే "యెస్". మన పిల్లవాడు "అవును, ఒప్పుకోను" అని మనసులో అనుకొని, పైకి సిగ్గుతో "యెస్" అని ఒక్క మాట అని ఊరుకొంటాడు. ఎదుటివారు అతడు ఒప్పుకొన్నాడని రాసుకొంటారు. ఉద్యోగపు ఇంటర్వ్యూలోనైనా, ఆసుపత్రిలో కాగితం మీద సంతకం పెట్టే ముందైనా, న్యాయస్థానపు బోనులోనైనా ఈ తప్పుకు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో ఊహించండి. కాబట్టి పిల్లలకు ఒక కట్టడి చేయండి: ఒంటరి "యెస్", ఒంటరి "నో" ఎన్నడూ చెప్పవద్దు. వెనుక పూర్తి వాక్యం ఉండాలి.

"డిజగ్రీ" పుట్టుక కూడా తెలుసుకోదగినది. "అగ్రీ" అనే మాట పాత ఫ్రెంచి ద్వారా, ప్రియమైనది అనే అర్థంగల లాటిను మాటనుంచి వచ్చింది. దానికి ముందు వ్యతిరేకార్థక ఉపసర్గ చేరితే "డిజగ్రీ". అందుకే భోజనం పడకపోతే "ది ఫుడ్ డిజగ్రీడ్ విత్ మీ" అంటారు. మన తెలుగులో "వంకాయ నాకు పడదు" అన్నట్లే. కాని మనం "వాడికీ నాకూ పడదు" అని కూడా అంటాము, అది వైరం. ఇంగ్లీషులో "ఐ డిజగ్రీ విత్ హిమ్" అంటే వైరం లేదు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి టీ తాగవచ్చు. మన పిల్లలు ఈ మాట పలకడానికి వెనుకాడడానికి కారణం ఇదేనని నాకు తోస్తుంది. "కాదు" అంటే తెగతెంపులని వారనుకొంటారు. పెద్దవారి ఎదుట కాదనడం అవిధేయత అని మనమే నేర్పాము.

తగవు అనే మాట మన గడ్డకు కొత్తది కాదు. కృష్ణా తుంగభద్రల నడిమి ఈ దోఆబు కోసం విజయనగర రాజులూ బహమనీ సుల్తానులూ, ఆ తరువాత బిజాపూరు సుల్తానులూ తరతరాలు పోరాడారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాను గెలిచింది ఈ రాయచూరు కోసమే. ఆనాడు భేదం కత్తితో తీరేది. ఈనాడు అదే కృష్ణా నీటికోసం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలకు భేదం వచ్చినప్పుడు 1969లో బచావత్ గారి అధ్యక్షతన ట్రిబ్యునల్ ఏర్పడింది, 1973లో తీర్పు చెప్పింది. దాని పేరులోనే "డిస్ప్యూట్స్" అనే మాట ఉంది. కత్తి స్థానంలో క్రియ వచ్చింది. ఇది చిన్న ప్రగతి కాదు.

మన జిల్లా రాతను నిర్ణయించిన మరొక కాగితం ఉంది. 1955లో వచ్చిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం నివేదిక. దాని ఫలితంగా 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం విడిపోయి రాయచూరు నాటి మైసూరు రాష్ట్రంలో చేరింది. అంతవరకు మన జిల్లాలో ఉన్న గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. ఆ సంఘంలో ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్ అని ముగ్గురు సభ్యులు. ఉత్తరప్రదేశ్‌ను విభజించాలా వద్దా అన్న విషయంలో పణిక్కర్ గారు తోటివారితో విభేదించి, తన అభిప్రాయాన్ని వేరే వ్యాసంగా రాసి జతపరిచారు. నివేదికమీద సంతకం మాత్రం ముగ్గురితో పాటు చేశారు. ఒక విషయంలో డిజగ్రీ, మిగిలినవాటిలో అగ్రీ. నేను ముందు చెప్పిన "విత్", "ఆన్" అనే రెండు చిన్నమాటలకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

న్యాయస్థానాలలో ఈ భేదానికి "డిసెంట్" అని పేరు. రాజమహేంద్రవరంలో 1902లో జన్మించిన కోకా సుబ్బారావుగారు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నప్పుడు, 1962లో ఖరక్ సింగ్ అనే ఒక సామాన్యుడి వ్యాజ్యం వచ్చింది. పోలీసులు అతనిమీద నిఘా పెట్టి రాత్రివేళ ఇంటికి వచ్చి తలుపు తట్టేవారు. రాత్రి రాకడ తగదని న్యాయమూర్తులందరూ అన్నారు గాని, మిగిలిన నిఘా నిబంధనలను అధిక సంఖ్యాకులు నిలబెట్టారు. మనిషి ఏకాంతం అతని స్వేచ్ఛలో భాగమనీ, ఆ నిబంధన మొత్తం చెల్లదనీ సుబ్బారావుగారు విడిగా రాశారు. షా గారు ఆయనతో ఏకీభవించారు. ఆరుగురిలో ఇద్దరి మాట అది. ఆనాడు అది ఓడిపోయింది. 2017 ఆగస్టు 24న, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యంలో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకాంతం ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. ఒక తెలుగువాడు మర్యాదగా రాసిపెట్టిన "ఒప్పుకోను" యాభై నాలుగు సంవత్సరాలు ఓపికగా వేచి ఉండి, ఒక కన్నడిగుడి వ్యాజ్యంలో గెలిచింది. ఆయన ఆనాడు సరిగా రాయకుండా, కోపంతోనో మొహమాటంతోనో ఊరుకొని ఉంటే, ఆ తరువాతివారికి పట్టుకొనడానికి ఏమి మిగిలేది?

గురువర్యులకు ఒక విన్నపం. తరగతిలో వారానికి ఒక్కసారైనా పిల్లవాడు లేచి మీ మాటతో విభేదించే అవకాశం కల్పించండి. మొదట తెలుగులో చెప్పనివ్వండి. తెలుగులో కారణం చూపి కాదనలేనివాడు ఇంగ్లీషులో ఎన్ని విభక్తులు నేర్చినా కాదనలేడు. తరువాత అదే మాటను ఇంగ్లీషులో మూడు ముక్కలుగా చెప్పించండి: ఎవరితో విభేదిస్తున్నాడు, ఏ విషయంలో, ఎందుకు. తల్లిదండ్రులకూ ఇదే విన్నపం. ఇంట్లో పిల్ల "నాన్నా, నేను ఒప్పుకోను" అంటే ముందు కారణం అడగండి. తరువాత కోప్పడవచ్చు, అవసరమైతే.

మా నాన్నగారు ఇంగ్లీషు అక్షరం ముక్క ఎరగరు. "కట్టమని అనలేదు, లెక్క తప్పన్నాం" అని ఆయన ఆనాడు రెండు భావాలను రెండుగా విడదీసి చూపించారు. తేడా ఆయనకు తెలుసు. దానికి తగిన మాటలు ఇంగ్లీషులో ఉన్నాయని నాకు తెలియలేదు. ఆ మాటలు నాకు ఈ బడిలో, తెలుగు మాధ్యమంలోనే, ఒక సాయంత్రం దొరికాయి. నా ఇంగ్లీషులో ఏమాత్రం ఒప్పిదం ఉన్నా అది ఈ బడి పెట్టిన భిక్ష.

నేను చెప్పినదానిలో ఎవరికైనా అభిప్రాయ భేదం ఉంటే నిస్సంకోచంగా చెప్పండి. "విత్" మాత్రం మరచిపోకండి.